మా జైన సంఘం ఏడాది రిపోర్టు మొదటిసారి తెలుగులో: ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

వన్‌టౌన్ కుర్రాడు

అందరికీ నమస్కారం. మావాళ్లకి జై జినేంద్ర.

మాది బెజవాడ. మా తాతగారు రాజస్థాన్‌లో జాలోర్ వైపు నుంచి బట్టల వ్యాపారం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో మార్వాడీ, కొట్లో తెలుగు, గుడిలో పెద్దవాళ్లతో హిందీ. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను.

దీపావళి మాకు మహావీర స్వామి నిర్వాణం పొందిన రోజు. మర్నాటి నుంచి కొత్త సంవత్సరం. మొన్న వీర నిర్వాణ సంవత్ 2552 మొదలైంది. ఏటా ఈ రోజుల్లో మా సంఘం ఒక చిన్న పుస్తకం వేస్తుంది. ఏడాదిలో ఏం జరిగింది, ఎవరు ఏ తపస్సు చేశారు, డబ్బు ఎటు పోయింది అన్నవి అందులో ఉంటాయి. ఇన్నాళ్లూ హిందీలోనే వేశాం. ఈ ఏడు అధ్యక్షుల వారు నన్ను పిలిచి, "నీకు తెలుగు రాయడం వచ్చుగా, నాలుగు పేజీలు రాయి. పక్క వీధి వాళ్లు, మున్సిపల్ స్కూల్ హెడ్మాస్టరు, ఆటో స్టాండు వాళ్లు కూడా చదవాలి" అన్నారు. చేతిలో ఒక చీటీ పెట్టారు.

చీటీలో ఉన్నవి: చాతుర్మాసానికి (వానాకాలం నాలుగు నెలలు ఒకేచోట ఉండటం) సాధ్వీజీలు, అంటే మా సన్యాసినులు, వచ్చారు. మాసక్షమణలు రెండు (30 రోజుల ఉపవాసం). వర్షీతప్ అనే పెద్ద తపస్సు పారణాలు (ఉపవాసం విడవడం). పిల్లల పాఠశాల. వేసవిలో మజ్జిగ చలివేంద్రం. జైపూర్ కాలు (కృత్రిమ కాలు) శిబిరం. రక్తదానం. చివర్న పెన్సిల్‌తో "విహార్ సేవ" అని, అంటే ఊరి నుంచి ఊరికి నడిచే సాధ్వీజీలకి దారిలో తోడుండటం.

ఇవన్నీ "ఈ ఏడాది మా విజయాలు" అని రాసి ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ మొహం మాడ్చుకుంది. "ఉపవాసం విజయం ఎలా అవుతుందిరా? అది క్రికెట్టా?" అంది. అప్పటి నుంచి పెన్ను కదలడం లేదు. ముందు ఏది పెట్టాలి? లెక్కలు వేయాలా వద్దా? చెప్పండి.

ఆడిట్ బాబాయ్

బాబూ, లెక్కల పేజీ ముందు రాసెయ్, మిగతాది దానంతటదే వస్తుంది.

నేను జైన్ కాదు, గోదావరి జిల్లా వాణ్ణి. చాలా ఏళ్లుగా ఒక ఊళ్లో మీవాళ్ల సంఘం లెక్కలు చూస్తున్నాను. మొదటి ఏడాది నాకు మతి పోయింది. ఒకే సంఘానికి అన్ని ఖాతాలా! దేవద్రవ్యం ఒకటి, జ్ఞాన ఖాతా ఒకటి, సాధు సాధ్వీజీల వైయావచ్చ్ (సేవ) ఒకటి, జీవదయ ఒకటి, సాధారణం ఒకటి. హుండీలో పడినా, బోలీలో (వేలంపాటలో) వచ్చినా, ఏ పేరు మీద వచ్చిన రూపాయి ఆ పేరు మీదే ఖర్చవ్వాలి. దేవుడి ఖాతాలోది గుడికే, అంటే విగ్రహానికీ జీర్ణోద్ధరణకీ. పావురాల గింజలకని ఇచ్చింది పావురాలకే.

ఆ ఏడాది వానలకి ఉపాశ్రయం, అంటే సాధువులు దిగే, సంఘం కూర్చునే భవనం, కప్పు కారుతోంది. సాధారణ ఖాతాలో చూస్తే చిల్లర. దేవద్రవ్యం ఖాతా మాత్రం నిండుగా ఉంది. నేను తెలివిగా, "అందులోంచి ఇందులోకి అప్పుగా చూపిద్దాం" అన్నాను. కోశాధికారి పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి నా వైపు చూశాడు. "దేవుడి సొమ్ముతో మన నెత్తి మీద కప్పు వేసుకుందామా ఆడిటర్ గారూ?" అన్నాడు. అంతే, చర్చ అయిపోయింది. రెండు నెలలు బకెట్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి సాధారణ ఖాతాకి విడిగా వసూలు చేసి కప్పు వేయించారు.

మీ తెలుగు పేజీల్లో ఇది రాయి. బయటివాళ్లకి "జైనుల గుడిలో కోట్లు ఉంటాయి" అన్నదొక్కటే తెలుసు. ఆ కోట్లు తీసి కప్పు కూడా వేసుకోరని ఎవడికి తెలుసు?

ఇంకో మాట. మాకు మార్చి 31న ఏడాది ముగుస్తుంది, మీకు దీపావళికి. రెండు లెక్కలూ ఒకే పేజీలో కలిపావంటే మాత్రం వచ్చి కొడతాను.

నిజమే మాట్లాడతా

బాబాయ్ గారు బాగానే చెప్పారు కానీ బోలీ సంగతి కూడా చెప్పండి. మా షాపు మీ గుడి లాంటి ఒక గుడికి ఎదురుగానే. పర్యూషణ్ పండగ రోజుల్లో మైకులో వేలంపాట పొద్దుటి నుంచీ వింటూ ఉంటాం. "పాంచ్ సౌ మణ్, ఛే సౌ మణ్" అని. దేవుడి పని కూడా డబ్బున్నవాడికేనా?

వన్‌టౌన్ కుర్రాడు

అన్నా, మీరు విన్నది పర్యూషణ్ అయిదో రోజుది అయి ఉంటుంది. ఆ రోజు కల్పసూత్రం అనే మా గ్రంథంలో మహావీరుడి జన్మఘట్టం చదువుతారు. ఆయన తల్లి త్రిశలామాతకి వచ్చిన 14 కలలు, ఏనుగు, ఎద్దు, సింహం, లక్ష్మి ఇలా వెండిలో చేసినవి పైనుంచి ఒక్కొక్కటే తాడుతో దించుతారు. ఒక్కో కలకి దండ వేసే అవకాశం ఎవరిదన్నది బోలీలో తేలుతుంది. మణ్ అంటే నెయ్యి లెక్క. పూర్వం దీపానికి నెయ్యే ఇచ్చేవాళ్లట. ఇప్పుడు మణానికి ఇంత అని సంఘం కట్టిన రేటు ఉంటుంది. అంటే మైకులో వినపడే అంకె రూపాయలు కాదు, చాలామంది అక్కడే హడలిపోతారు.

డబ్బున్నవాడికేనా అన్న ప్రశ్న మాలోనూ ఉంది. దాచను. మా నాన్న ఎప్పుడూ బోలీ తీసుకోలేదు, తీసుకునే స్తోమత లేదు. కానీ ఏనుగు కిందికి దిగేటప్పుడు తాడు పట్టుకునే పని ఏటా ఆయనదే.

సికింద్రాబాద్ కోడలు

తమ్ముడూ, మీ అమ్మగారి పక్షం నేను. సగమే.

నేను వర్షీతప్ చేశాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రోజు విడిచి రోజు ఉపవాసం, 13 నెలల పాటు. ఉపవాసం రోజు కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఏమీ ఉండదు. అవి కూడా పొద్దు పొడిచాక 48 నిమిషాలు దాటితేనే మొదలు, సూర్యాస్తమయంతో సరి. మర్నాడు రెండు పూటలే భోజనం. మళ్లీ ఉపవాసం. అక్షయ తృతీయ నాడు చెరుకు రసంతో పారణా. మొదటి తీర్థంకరుడు ఋషభదేవుడికి ఏడాది పైగా భిక్ష దొరక్క, చివరికి శ్రేయాంసుడనే రాజకుమారుడు ఇచ్చింది చెరుకు రసమే కాబట్టి.

మొదటి నెలలో ఆకలి బాధ కాదు నాది, పోపు వాసన. ఇంట్లో మిగతావాళ్లకి వండాలిగా! కరివేపాకు నూనెలో పడగానే కళ్లు తిరిగేవి. మా అత్తగారు గమనించి, నా ఉపవాసం రోజున తనే వంటింట్లోకి దిగేది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నన్ను మాత్రం నిలబడనిచ్చేది కాదు. పారణా నాడు ఫ్లెక్సీ మీద నా ఫొటో ఒక్కటే వేశారు.

కాబట్టి సగం ఏమిటంటే, అంకెలు వద్దు. "ఈ ఏడు ఇన్ని ఉపవాసాలు" అనగానే పక్క ఊరి సంఘంతో పోటీ మొదలవుతుంది. పేర్లు మాత్రం ఉండనివ్వండి. నేను మొదలుపెట్టిందే మా వీధిలో ఒక పెద్దావిడ పేరు పుస్తకంలో చదివి. "ఈవిడ చేయగా లేంది నాకేం?" అనిపించింది.

"విజయాలు" అన్న మాట తీసేయండి. మనకి "అనుమోదన" అన్న మాట ఉందిగా. ఇంకొకరు చేసిన మంచి పనికి మనసారా సంతోషించడం. తెలుగువాళ్లకీ అర్థమవుతుంది.

శాసనాల పిచ్చోడు

ఈ చర్చలో నేను దూరకుండా ఉండలేను, క్షమించండి.

"మొదటిసారి తెలుగులో" అని పెట్టారు టైటిల్. మీరు వెయ్యేళ్లు ఆలస్యం! కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర కురిక్యాల అని ఊరుంది. అక్కడ బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతపు శాసనం ఉంది. వేయించింది జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపకి సొంత తమ్ముడు. వేములవాడ చాళుక్యుల కాలం. శాసనంలో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, చివర్లో తెలుగులో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయ కంటే దాదాపు ఒక శతాబ్దం ముందు. తెలుగుకి ప్రాచీన భాష హోదా కోసం వాదించినప్పుడు చూపించిన ఆధారాల్లో ఇదొకటి.

ఇప్పుడు అసలు సంగతి. అందులో ఏముందనుకున్నారు? ఒక జైనుడి రిపోర్టే. గుట్ట మీద చక్రేశ్వరీ దేవినీ జినుల (తీర్థంకరుల) బొమ్మల్నీ చెక్కించాను, బసది (జైన గుడి) కట్టించాను, చెరువు తవ్వించాను, తోట వేయించాను అని. తెలుగు పద్యాల్లో ఒకదాని సారాంశం, జినభవనాలు ఎత్తించడంలో, పూజల్లో, జినమునులకి అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి ఎవరు అని.

అంటే ఖర్చుల పట్టీ ఉంది, చాతుర్మాసం వంట ఉంది, పైగా కాస్త గొప్పలు కూడా ఉన్నాయి. మీ అమ్మగారు అప్పుడు ఉండి ఉంటే జినవల్లభుడికీ రెండు తగిలేవి.

వన్‌టౌన్ కుర్రాడు

అన్నా, అమ్మకి చదివి వినిపించాను. "గొప్పలు చెప్పుకున్నా రాయి మీద చెప్పుకున్నాడు, ఫ్లెక్సీ మీద కాదు" అంది.

ఆలేరు అమ్మాయి

మాది ఆలేరు. కొలనుపాక ఆరు కిలోమీటర్లే. మీవాళ్లు కుల్పాక్‌జీ అంటారు. మాణిక్యస్వామి గుడి. లోపల పచ్చరాయి మహావీరుడు నాలుగడుగుల పైనే ఉంటాడు. చిన్నప్పుడు చూసి అది గాజు అనుకున్నా.

మా నాన్న ఆటో తోలుతాడు. మా ఇంట్లో జైనుల క్యాలెండర్ ఉంటుంది తెలుసా? పున్నమి ఎప్పుడు, ఓళీ (వాళ్ల తపస్సు రోజులు) ఎప్పుడు అని నాన్నకి తెలియాలి, ఆ రోజుల్లో స్టేషన్ దగ్గర గిరాకీ. పొద్దుగూకేలోపు తినాలి గనక సాయంత్రం బండి దిగినవాళ్లకి యమ తొందర. "అన్నా జల్దీ, చౌవిహార్" అంటారు, పొద్దుగూకాక తిండీ నీళ్లూ ముట్టని నియమం. నాన్నకి ఆ ఒక్క మాట అర్థమైతే చాలు, గేరు మారుతుంది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు తిండికి తొందర పెట్టినా "చౌవిహారా ఏంది?" అని ఎక్కిరిస్తాడు.

మీ రిపోర్టులో గుడి చుట్టూ బతికేవాళ్ల గురించి కూడా ఒక లైన్ రాయండి. పూలమ్మేవాళ్లు, వంటవాళ్లు, వాచ్‌మెన్. వాళ్లలో ఎక్కువమంది జైనులు కారు.

నిజమే మాట్లాడతా

సరే, ఆ లైన్ రాసేటప్పుడు ఇంకో లైన్ కూడా రాయండి. అద్దెకి ఇల్లు అడిగితే మొదటి ప్రశ్న "నాన్‌వెజ్ తింటారా" అని. నేను రెండుచోట్ల తిరిగొచ్చాను. పేరూ ఊరూ చెప్పను. చలివేంద్రంలో మజ్జిగ పోసే చేతులే గుమ్మంలో అడ్డం పెడితే మజ్జిగ చప్పగా ఉంటుంది.

వన్‌టౌన్ కుర్రాడు

అన్నా, దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ఇంటి పైభాగం కూడా మేం అలాగే అద్దెకిస్తాం. వంటింట్లో ఏం వండుతారన్నది మావాళ్లకి ఇష్టాయిష్టాల సంగతి కాదు, జీవహింస అనేది దగ్గరగా జరగకూడదన్న బెంగ. అది నాకు అర్థమవుతుంది. గుమ్మం దగ్గర మీకు జరిగిన అవమానం కూడా అర్థమవుతోంది. రిపోర్టులో రాయలేను. ఇక్కడ మాత్రం ఒప్పుకుంటాను.

పర్యూషణ్ చివరి రోజు సంవత్సరికి మేం ఒకరికొకరం "మిచ్ఛామి దుక్కడం" చెప్పుకుంటాం. తెలిసో తెలియకో చేసిన తప్పు మన్నించమని. ఈ ఏడు వాట్సాప్‌లో నేనే రెండు వందల మందికి ఫార్వర్డ్ కొట్టి ఉంటాను. ఎదురుషాపు వాళ్లకి ఒక్కరికి కూడా చెప్పలేదు.

ఎడిసన్ నాన్న

అమెరికా నుంచి. పుట్టింది పెరిగింది హైదరాబాద్ ఫీల్‌ఖానా.

మాకు ఇక్కడ ముచ్చటగా మూడు ఏడాది ముగింపులు. దీపావళి, సంవత్సరి, ఆపైన డిసెంబరు 31. మూడోదే మా జైన సెంటర్‌కి అసలు పండగ, టాక్స్ మినహాయింపు కోసం చెక్కులు అప్పుడే వస్తాయి. ఉత్తర అమెరికా జైన సంఘాల సమాఖ్య 'జైనా' 1981లో పుట్టింది, రెండేళ్లకోసారి పెద్ద సభ. ఇక్కడి గుళ్లలో శ్వేతాంబర, దిగంబర విగ్రహాలు చాలాచోట్ల ఒకే కప్పు కింద ఉంటాయి. వాళ్ల పర్యూషణ్ ఎనిమిది రోజులు, వీళ్ల దశలక్షణ పర్వం పది. రెండూ కలిపి పద్దెనిమిది రోజులు అందరూ చేసుకుంటారు. ఊళ్లో ఉండగా మా నాన్నగారు దిగంబర మందిరం గడప తొక్కింది నేనెరగను. ఇక్కడ ఆయనే చలి కోటు వేసుకుని రెండు హారతులకీ నిలబడ్డారు.

పాఠశాల గురించి ఎక్కువ రాయి కుర్రాడా. మా పిల్లలు ప్రాకృత భాషలో ఉండే సూత్రాలు ఇంగ్లీషు అక్షరాల్లో నేర్చుకుంటారు. "ణ" ఎక్కడ, "న" ఎక్కడ వాళ్లకి తెలియదు. మన ముఖ్య ప్రార్థన నవకార్ మంత్రంలో మొదటి మాటే తేడా కొడుతుంది.

వన్‌టౌన్ కుర్రాడు

అంకుల్, ఇది నాకు తట్టనేలేదు! మా పాఠశాలలో పిల్లలు నోటుబుక్కుల్లో తెలుగు లిపిలోనే రాసుకుంటారు. "ణమో అరిహంతాణం" అని. ణ, న రెండూ మన అక్షరాల్లో ఉన్నాయి కాబట్టి ప్రాకృతం అచ్చంగా కూర్చుంటుంది. 2024 అక్టోబరులో కేంద్రం ప్రాకృతానికి ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు మా పండిత్‌జీ మిఠాయి పంచారు. మా చిన్నవాడు "తెలుగుకి 2008లోనే వచ్చిందిగా, అప్పుడెందుకు పంచలేదు?" అన్నాడు. పండిత్‌జీ మర్నాడు ఇంకో కిలో తెచ్చారు.

రాస్తాను ఇది.

హైవే పక్క ఊరు

టీచర్ని. జాతీయ రహదారి మీద మా ఊరు. మీ చీటీలో చివర్న పెన్సిల్‌తో రాసిందే నాకు ముఖ్యం అనిపించింది, అందుకే రాస్తున్నాను.

పోయిన మాఘంలో తెల్లవారుజామున నలుగురు సాధ్వీలు మా స్కూలు గేటు దగ్గర ఆగారు. తెల్లబట్టలు, చెప్పుల్లేవు, భుజాన చిన్న మూటలు. ముందూ వెనకా మెరిసే జాకెట్లు వేసుకుని కుర్రాళ్లు. లారీలకి టార్చి ఊపుతున్నారు. అప్పటికి పదిహేను కిలోమీటర్లు నడిచారట. ఆ రోజుకి వరండా ఇమ్మన్నారు. ఆదివారం కాబట్టి గదే తెరిచి ఇచ్చాం. ఫ్యాను వేయబోతే వద్దన్నారు.

మా ఆవిడ హడావిడిగా పాలు కాచి తీసుకొచ్చింది. పెద్ద సాధ్వి నవ్వి, వచ్చీరాని తెలుగులో "మా కోసం కాచారా?" అంది. అవునమ్మా అంది మా ఆవిడ గర్వంగా. ఆవిడ చేతులు జోడించి వద్దంది. మా ఆవిడ మొహం చూడాలి! పక్కనున్న కుర్రాడు వివరించాడు. వాళ్ల కోసం ప్రత్యేకంగా పొయ్యి వెలిగిస్తే ఆ పొయ్యిలో పోయిన ప్రాణాల లెక్క వాళ్ల మీద పడుతుందట. ఇంట్లోవాళ్లు తమ కోసం వండుకున్న దాంట్లోంచి కొంచెం ఇస్తే తీసుకుంటారట. అదీ ఒకే ఇంట్లో అంతా కాదు, ఇంటింటా కొంచెం.

చివరికి మా పిల్లల కోసం చేసిన జొన్నరొట్టెల్లో ఒకటిన్నర తీసుకున్నారు. ఉల్లిపాయ వేసిన కూర వద్దన్నారు. నీళ్ల దగ్గర మాత్రం ఇబ్బందైంది. మా ఇంట్లో ఎవరూ కాచిన నీళ్లు తాగం. కుర్రాళ్లలో ఒకడు మోటారు సైకిల్ మీద వెనక్కి పోయి, ఎక్కడో మీవాళ్ల ఇంటి నుంచి క్యాను తెచ్చాడు.

వన్‌టౌన్ కుర్రాడు

మాస్టారూ, ఆ మోటారు సైకిల్ వాడు నేను కాదు కానీ అలాంటి క్యాన్లు నేనూ మోశాను. మా జట్టులో చాలామంది కొట్లలో గుమాస్తాలు, ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలు. రాత్రి కొట్టు మూసి, రెండు గంటలకి లేచి, నడిచి, పదింటికి మళ్లీ కొట్టు తెరుస్తారు. వీళ్లకి సన్మానం లేదు, బోలీ లేదు. చీటీలో పెన్సిల్ గీత ఒక్కటే.

సరే, తేల్చుకున్నాను. మొదటి పేజీ విహార్ సేవ. రెండోది పాఠశాల, ణ సంగతితో సహా. మూడోదానిలో తపస్వుల పేర్లు, అంకెలు లేకుండా. వాళ్ల వంతు వంటలు చేసిన అత్తల, కోడళ్ల పేర్లు కూడా. చలివేంద్రం, శిబిరాలు తలా రెండు లైన్లు. నాలుగోది ఖాతాలు, బాబాయ్ చెప్పినట్టు మార్చి లెక్క విడిగా. టైటిల్ "అనుమోదన".

అధ్యక్షుల వారికి చూపించాను. చాలాసేపు చదివి, "బోలీ తీసుకున్నవాళ్ల పేర్లు ఏవి?" అన్నారు. అవి హిందీ పుస్తకంలో ఉన్నాయిగా అన్నాను. కాసేపు గొణిగి, సరే అన్నారు.

నిజమే మాట్లాడతా

నాకూ ఒక కాపీ పడెయ్. ఎదురుషాపు అని రాసి పంపు, చేరుతుంది.

వన్‌టౌన్ కుర్రాడు

పంపను అన్నా, మీది బెజవాడే అయితే నేనే తెచ్చి ఇస్తాను. ఏ వీధో చెప్పండి.

మాస్టారూ, కార్తీక పౌర్ణమితో చాతుర్మాసం అయిపోతుంది. సాధ్వీజీలు బయల్దేరతారు, ఈసారి దారి మీ వైపే. కాపీలు మా జట్టు తెచ్చి ఇస్తుంది. స్కూలుకి ఎన్ని కావాలి?

హైవే పక్క ఊరు

పది చాలు.

మా ఆవిడ ఒక సంగతి రాయమంటోంది. ఈసారి వాళ్లు వచ్చే రోజు మా ఇంటిల్లిపాదీ కాచిన నీళ్లే తాగుతాం. మా కోసమే కాచుకుంటాం, పెద్ద బిందెడు. ఆ పెద్దావిడ అడిగితే ఈసారి గర్వంగా "కాదు" అంటుందట.